సగం దిగిన పిన్ను

జనగామ
జూన్ 18

సోమక్క వదినకు,

విజయ చివరి రోజు ఏం జరిగిందని దినాల నాడు నువ్వు అడిగావు. ఇంటి నిండా మనుషులున్నారు. చెప్పలేదు. ఫోనులో చెబుదామంటే నీకు వినపడదు. మొండయ్యన్నకు ఒకటి చెబితే నీకు ఇంకొకటి చేరుతుంది. అందుకే రాస్తున్నాను.

ఆ రోజు విజయ నాకంటే ముందే లేచింది. చాయ్ పెట్టింది. చక్కెర ఎక్కువైందన్నాను. "రేపటిసంది నువ్వే పెట్టుకో" అంది. తర్వాత ముందు గదిలో గచ్చు మీద బొంత పరిచింది. కూతురు పద్మలత కాన్పు కోసం మొదలుపెట్టిన బొంత. అడుగున పాత చీరల పొరలు, పైన రకరకాల చీరల ముక్కలు. ముక్కలన్నిటినీ ముందు పిన్నులతో కింది పొరలకు పట్టించి, ఆ తర్వాత కుట్టడం ఆమె పద్ధతి. పిన్నులు పెదవుల మధ్య పెట్టుకొని మాట్లాడేది. సగం మాటలు అర్థమయ్యేవి కావు. "ఆ కొస పట్టు" అంది. పట్టుకున్నాను. రెండో చేతిలో పేపరు ఉందని తిట్టింది.

మధ్యాహ్నం అన్నానికి లేవలేదు. గుండె మీద బండ పెట్టినట్టు ఉందంది. గ్యాస్ అనుకున్నాం. జీలకర్ర నీళ్లు తాగింది. చెమటలు ఆగలేదు. ఆటో తెచ్చాను. గడప దగ్గర చెప్పులు తొడుక్కుంటూ వెనక్కి తిరిగి, "దాని మీద కాలు పెట్టకు, పిన్నులున్నయి" అంది. ఇంట్లో ఆమె అన్న ఆఖరి మాట అది.

ఇక్కడి దవాఖానలో చూసి, వెంటనే వరంగల్ తీసుకుపొమ్మన్నారు. అంబులెన్స్ వాళ్లే ఇచ్చారు. స్టేషన్ ఘన్‌పూర్ దాటేదాకా నా చేయి పట్టుకొని ఉంది. దాటిన తర్వాత నేనే పట్టుకొని ఉన్నాను. వరంగల్‌లో డాక్టర్లు చేయాల్సిందంతా చేశారు.

ఇంతే. ఏమీ దాచలేదు.

బొంత ఇంకా గచ్చు మీదే ఉంది. వచ్చినవాళ్లందరూ దాని పక్క నుంచి నడిచారు. ఎవరో మడత పెట్టబోతే వద్దన్నాను. పిన్నులు పెట్టడం దాదాపు అయిపోయింది. కుడి మూలన పచ్చపూస తల ఉన్న పిన్ను ఒకటి సగమే దిగి ఉంది. ఆమె అక్కడ ఆగింది.

కాన్పు దసరా దాటాక అన్నారు. నాకు సూదిలోకి దారం ఎక్కించడం కూడా రాదు. నీ చెల్లెలికి కుట్టు నేర్పింది నువ్వే. నువ్వే పూర్తి చేయి. ఆర్టీసీ కార్గోలో పంపుతున్నాను. పిన్నులు కదలకుండా మధ్యలో పేపర్లు వేసి ప్లాస్టిక్ పైపుకు చుట్టాను. పచ్చపూస పిన్ను దగ్గర అట్టముక్క పెట్టాను. అక్కడ జాగ్రత్త.

జగపతి


భూపాలపల్లి
జూన్ 27

జగపతికి,

నీ ఉత్తరం చదివిన. మల్ల చదివిన. గట్ల రాస్తరా ఎవరన్న? కాలేజీల సెలవు నోటీసు రాసినట్టు రాసినవ్. నువ్వు పిల్లలకు కెమిస్ట్రీ చెప్పినవో, పోలీసు ఠాణాల పంచనామా రాసినవో నాకైతే సమజ్ కాలె. అయినా చాయ్ సంగతి రాసినవ్ గద. నాకు గది చాలు. అది గట్లనే అంటది.

ఇగ బొంత సంగతికి వస్త. నీకు బుద్ధి ఉన్నదా?

మీ అన్న బస్టాండుకు పోయి పార్సిల్ తెచ్చిండు. స్కూటర్ మీద కాళ్ల నడుమ పెట్టుకొని వస్తుంటె గడ్డ మీద ఎక్కి దిగినప్పుడల్ల తొడల గుచ్చినయట. అంబేద్కర్ బొమ్మ కాడ స్కూటర్ ఇడిసి "సచ్చిన్రో" అని మొత్తుకున్నడు. జనం జమైన్రు. ఇంటికొచ్చినంక కుంటుకుంట, "నీ మరిది నన్ను సంపెతందుకే పంపిండే" అని నామీద ఎగిరిండు. చెల్పూరు కరెంటు ప్లాంటుల గన్నేండ్లు పనిజేసి ఏం కాని మనిషికి నీ బొంత తోటి నెత్తురొచ్చింది.

సూదులు, పిన్నులు ఒకల చేతికెల్లి ఒకల చేతికి ఇయ్యద్దు. కొట్లాటలైతయి. కింద పెట్టాలె, అవతలోళ్లు తీసుకోవాలె. మా అవ్వ మాకు సూది పట్టిచ్చిననాడే చెప్పింది గీ మాట. విజయకు ఎరుకే. నీకు చెప్పకుంట ఉంటదా? నువ్వే ఇని ఉండవ్, పేపర్ల తలకాయ పెట్టి ఉంటవ్. పిన్నులు నిండిన బొంతను జిల్లాలు దాటిచ్చి మా ఆయన చేతికిచ్చినవ్. ఇగో, కొట్లాట సురువైంది గద!

గందుకని ఎట్ల వచ్చిందో గట్లనే వాపస్ పంపుతున్న. పిన్నులన్ని తీసెయ్. ముక్కలు కలువకుంట ఎక్కడియక్కడ పేర్చి పంపు. నేను కచ్చాకుట్టు ఏసుకొని కుడత. నేను పుట్టిబుద్ధెరిగి బొంతకు పిన్నులు పెట్టి కుట్టలె. అది దానికి టైలరింగ్ క్లాసుల పట్టిన పిచ్చి.

ఏళకు తింటున్నవా? అన్నం వండుకునుడు వచ్చిందా? చాయ్?

సోమక్క


జనగామ
జులై 4

వదినకు,

నువ్వు రాసింది శాంతంగా రెండుసార్లు చదివాను. మూడోసారి శాంతం లేదు.

పిన్నులు తీస్తే ముక్కలు ఎక్కడివక్కడ ఎలా ఉంటాయి? పిన్నులు ఉన్నదే అందుకు. తీసిన మరుక్షణం అది బొంత కాదు, గుడ్డల కుప్ప. ఏ ముక్క పక్కన ఏ ముక్క రావాలో విజయ నెల రోజులు ఆలోచించి పెట్టింది. ఆమె మనసులో ఉన్నది ఇప్పుడు ఆ పిన్నుల మీదే నిలబడి ఉంది.

ఇంకో మాట. పిన్ను కుట్టు దారికి అడ్డంగా పెట్టడం ఎందుకో ఆమె నాకు ఒకసారి చెప్పింది. పేపరు పక్కన పెట్టే విన్నాను. సూది పిన్ను దాకా రావాలి. అప్పుడు ఆ ఒక్క పిన్ను తీయాలి. కుట్టు ముందుకు పోవాలి. తర్వాతి పిన్ను దాకా బట్ట కదలదు. అంటే పిన్నులు కుట్టేటప్పుడు తీయాలి గానీ ముందు కాదు. ఇది నా వాదన కాదు, ఆమె పద్ధతి. కుట్టేది నువ్వు. కాబట్టి తీయాల్సింది కూడా నువ్వే.

కార్గో కౌంటర్లో చత్రు అని ఉంటాడు. పార్సిల్ చూసి, "సారూ, పోయిన నెలనే గదా పంపినవ్, చుట్టాలకు నచ్చలేదా?" అన్నాడు. ఎత్తబోయి చేయి వెనక్కి తీసుకున్నాడు. "దీంట్ల ముండ్లపందిని పెట్టినవా సారూ?" అన్నాడు. బొంత అన్నాను. నమ్మలేదు. ఈసారి చుట్టూ అట్ట కట్టాను. మొండయ్యన్నకు చెప్పు. ఇంటికి రాగానే పార్సిల్ నీ చేతికి ఇవ్వకుండా నేల మీద పెట్టమను. నువ్వు వంగి తీసుకో. మీ అవ్వ మాట దక్కుతుంది. బొంత కూడా కుట్టబడుతుంది.

పద్మలతను కాన్పుకు ఇక్కడికి తెచ్చే పరిస్థితి లేదు. ఇంట్లో ఆడమనిషి లేదు కాబట్టి మహబూబాబాద్‌లో అత్తగారింట్లోనే అన్నారు. సరే అన్నాను. అల్లుడు ఐలేశ్ మంచివాడే. పిల్ల ఫోను చేసినప్పుడల్లా ఒకటే అడుగుతుంది. "బాపూ, అమ్మ బొంత అయిందా?" అవుతుందన్నాను.

కాబట్టి దయచేసి కుట్టు.

అన్నం వండుకుంటున్నాను. చాయ్ కూడా.

జగపతి


భూపాలపల్లి
ఆగస్టు 10

జగపతికి,

బొంత నా దగ్గరనే నెల దినాలున్నది. ఇగ కుట్టి పంపుతున్ననుకోకు. వాపస్ పంపుతున్న. ముందు కోపం తెచ్చుకోకుంట పూర్తిగ చదువు.

ఒకటి, ముసురు. ఈడ వాన ఇడుస్తలేదు. గోడలకు చెమ్మ, గచ్చుకు చెమ్మ. విజయ పెట్టినయి రెండు తీర్ల పిన్నులు. పూసల తలకాయలయి షాపుల కొన్నది, అవి మంచిగున్నయి. మామూలు గుండుసూదులు ఏడియో ఎరుకేనా? నువ్వు పరీక్ష పేపర్ల కట్టలకు పెట్టనీకి కాలేజీల ఇస్తె ఇంటికి తెచ్చుకున్నయి. ఆ సర్కారు గుండుసూదులే తుప్పు పడుతున్నయి. చిలకపచ్చ చీర ముక్క మీద ఎర్రగ చుక్కలైనయి. నీ మూలంగనే.

రెండు, నా మోకాలు. కింద కూసుంటె లేస్తలేను, లేస్తె కూసుంటలేను.

మూడు, గా పొరల నడుమ తెల్ల గుడ్డల పొట్లాలు ఏందయ్యా? నేను ఇదేదో తాయెత్తులని భయపడ్డ. మీ అన్న ఒకటి ఇప్పి చూసిండు. ఏయించిన బియ్యం! మా కోళ్లకు పంపినవా? "లెక్చరర్ సాబ్‌కు మతి తప్పింది" అంటుండు మీ అన్న. నేను నవ్వలె.

తండాకెల్లి పాలు పోసే సుక్కి చూసింది. ఒంటి నిండ అద్దాల కుట్టు కుట్టుకునే మనిషి, చెయ్యి ఊకుంటదా? "అవ్వా, జరుగు, ఒక్క గంటల పిన్నులన్ని ఊడగుంజుత" అని కూసున్నది. "నీ పాల లెక్క నువ్వు చూస్కో పో" అన్న. మూతి ముడుసుకొని పోయింది. రెండు దినాలు నీళ్ల పాలు పోసింది.

మీ ఇల్లు ఆరి ఉంటది. నువ్వే తియ్యి. పిన్ను తీసుడు ఏం పెద్ద చదువు? తలకాయ పట్టుకొని గుంజాలె. అంతే. పిన్నులు తియ్యనీకే పెడతరు, దాసుకోనీకి కాదు.

పచ్చపూస పిన్ను కాడ నువ్వు పెట్టిన అట్ట తీసేసిన. అట్ట తగిలి పిన్ను బయటికి జరుగుతున్నది. దూది పెట్టిన. నేను దాన్ని లోపటికి నొక్కలె, బయటికి గుంజలె. ఎట్లున్నదో గట్లనే ఉన్నది.

సోమక్క


జనగామ
ఆగస్టు 16

వదినకు,

పార్సిల్ విప్పాను. ముందు వాసన వచ్చింది. కొబ్బరినూనె.

ప్రతి పిన్ను చుట్టూ నూనె మరక. పూసల పిన్నులకు కూడా. సగం దిగిన దానికి కూడా, పైకి కనిపించే భాగానికి మాత్రమే, జాగ్రత్తగా. ఎన్నోసార్లు ఉతికి మెత్తబడ్డ చీరలు. వాటి మీద ఇప్పుడు పులిచర్మం మీద ఉన్నట్టు మచ్చలు. నూనె పోవాలంటే సర్ఫులో నానబెట్టాలి. నానబెట్టాలంటే కుట్టాలి. కుట్టాలంటే పిన్నులు తీయాలి. నువ్వు తీయవు. నేను ఎవరికి చెప్పుకోవాలి?

బియ్యం సంగతి అడిగావు. వేయించిన బియ్యం చెమ్మ పీల్చుకుంటుంది. ఉప్పు డబ్బాలో వేస్తారు కదా, అలాగే. మీ ఇంటి దగ్గర వాన ఎక్కువని తెలిసి పెట్టాను. వాటిని విప్పమని ఎవరన్నారు? విప్పాక తిరిగి కట్టలేదు కూడా. పొరల్లో బియ్యం గింజలు దొరుకుతున్నాయి.

పార్సిల్ తెచ్చుకోవడానికి పోతే చత్రు ఈసారి నవ్వలేదు. పక్కకు తీసుకుపోయి, "సారూ, ఇంట్ల ఏమన్న పంచాయితీ ఉంటె కూసొని మాట్లాడుకోండి, బస్సులెందుకు తిప్పుతున్నరు?" అన్నాడు.

పద్మలత నిన్న ఫోనులో గట్టిగానే అంది. "బాపూ, నువ్వు పెద్దమ్మ కలిసి నా బొంతను బస్సులెక్కించుడే పని పెట్టుకున్నరా? నేను పుట్టినకాడికెల్లి తిరగనన్ని ఊర్లు తిరిగింది అది." తర్వాత మెల్లగా, "నాకు తొట్టెల్ల వెయ్యనీకి అదొక్కటే కావాలె బాపూ. ఇంకేం అడుగుత నేను?" అంది.

ఒక్క ప్రశ్నకు జవాబు రాయి. పిన్నులు తీసి పారేయమని నాకు రాసింది నువ్వే. దాచుకోవడానికి కాదని రాసింది నువ్వే. పారేయాల్సిన పిన్నులకు తుప్పు పట్టకుండా నూనె ఎవరైనా రాస్తారా?

జగపతి


భూపాలపల్లి
ఆగస్టు 28

జగపతికి,

జవాబు అడిగినవ్ గద. నువ్వెందుకు బియ్యం ఏయించి పొట్లాలు కట్టినవో, గందుకే నేను నూనె రాసిన.

మోకాలు నొప్పి అబద్ధం కాదు. కాని నొప్పి ఉన్నప్పుడు నేను సుక్కి బిడ్డ పెండ్లికి రవికెలు కుట్టలేదా? కుట్టిన.

రోజు మీ అన్న బయటికి పోంగనే బొంతను బల్ల మీద పరిచేదాన్ని. సూదిల దారం ఎక్కిచ్చేదాన్ని. ఒక పిన్ను తలకాయ పట్టుకునేదాన్ని. గుంజలేకపోయేదాన్ని. దారం తీసి మల్ల రీలుకు చుట్టేదాన్ని. గిదే పని.

చిన్నప్పుడు అది నా పక్కన కూసునేది. నేను కుడుతుంటె పిన్నులు అందియ్యాలె దాని పని. చేతికియ్యద్దు గదా, గందుకని పెదవుల నడుమ పెట్టుకొని మొహం ముందటికి చాపేది. నేను దాని నోట్లకెల్లి తీసుకునేది. "మింగుతవే దయ్యమా" అని వీపుల ఒకటేస్తె నవ్వేది, నవ్వితె పిన్నులన్ని ఒళ్లె పడేవి. పెండ్లయి పిల్లను కన్నంక గూడ ఆ అలవాటు పోలె.

ఆ బొంత మీదియి అన్ని దాని నోట్లకెల్లి వచ్చిన పిన్నులే. అన్నిటికి దాని ఎంగిలున్నది. ఎట్ల తియ్యమంటవ్?

నువ్వు ముందుగాలనే రాయొచ్చు గద, "వదినా, నాకు తియ్యబుద్ధి అయితలేదు" అని. పంచనామా రాసెటోనివి గీ ఒక్క ముక్క రాయలేకపోయినవా? నేను గూడ రాయలె, సరే. ఇద్దరం నువ్వంటె నువ్వని కొట్లాడినం. ఆర్టీసోళ్లు బాగుపడ్డరు.

ఇప్పుడేం చేద్దమో చెప్పు. పద్మలత నెలలు నిండుతున్నయి.

సోమక్క


జనగామ
సెప్టెంబర్ 22

వదినకు,

ఆలస్యంగా రాస్తున్నాను.

నిన్న పెత్రమాస అమావాస్య. విజయ పేరున బియ్యం, కూరగాయలు ఇచ్చాను. పప్పు కూడా ఇవ్వాలని అయ్యగారు గుర్తు చేశారు. ఇంట్లో పప్పు ఎక్కడుందో వెతకాల్సి వచ్చింది.

అదీ ఇచ్చి వచ్చాక బొంతను మడిచి బీరువాలో పెట్టాను. పేపర్లు, కొత్త పొట్లాలు పెట్టాను. పచ్చపూస పిన్ను ఉన్న మూల పైకి వచ్చేలా మడిచాను. దూది అలాగే ఉంది.

పద్మలత బిడ్డ కోసం ఇక్కడి షాపులో పిల్లల పరుపు కొన్నాను. మెత్తగా ఉంది. దోమతెర కూడా ఉంది. ఏనుగు బొమ్మలున్నాయి. నిన్ననే పంపించాను. బిడ్డకు కావాల్సింది మెత్తటి పడక. అది దొరికింది.

నువ్వు కుట్టలేవు. నేను తీయలేను. ఇద్దరికీ తెలిసిపోయింది కాబట్టి ఇక దీని మీద ఉత్తరాలు అనవసరం. బొంత ఉన్నచోట ఉంటుంది.

మొండయ్యన్న తొడ తగ్గిందనుకుంటాను.

జగపతి


మహబూబాబాద్
అక్టోబర్ 4

జగపతికి,

పద్మలతకు నొప్పులు ముందే వచ్చుడు, నువ్వు రాత్రి బండికి ఉరికొచ్చుడు, ఆడపిల్లను చూసి మల్ల దినమే ఎల్లిపోవుడు, అన్ని ఐలేశ్ చెప్పిండు. ఇంకొక్క పూట ఆగితె నేను గూడ కలుస్తుంటి. నువ్వు ఆగవు. ఎరుకే నాకు. కండ్లు తడి అయితయని ఉరికినవ్.

నేనొచ్చి మూడొద్దులాయె. మీ అన్న కోళ్లకు కావలి ఉన్నడు. ఈడ మానుకోటలనే ఉంట, పిల్ల తొట్టెల పండుగ అయ్యెదాక.

నీ ఏనుగుల పరుపు చూసిన. మంచిగున్నది, షాపుల పెట్టనీకి. పిల్ల దాని మీద పండుతలేదు. జారుతది, ఉలికిపడుతది. నా ఒంటి మీది పాత చీర మడిచి పరిస్తె అప్పుడు కండ్లు మూసింది. పిల్ల ముక్కు విజయదే. నువ్వు చూసినవ్ గద, చెప్పలె ఎవలకు.

నిన్న పద్మలత అన్నం ముందట పెట్టుకొని, "పెద్దమ్మా, బాపు బొంతను బీరువల పెట్టిండట. నాకు ఇయ్యడట" అని ఏడ్చింది. పచ్చి బాలింత ఏడ్వద్దని అత్త అంటుంటె కొంగు నోట్లె కుక్కుకొని ఏడ్చింది. పరేషాన్ అయిన నేను.

ఇగ ఇను. బీరువకేమన్న చలి పెడుతదా? పిల్లకు పెడుతది.

నీ మీద కోపం తోటి రాత్రంత ఆలోచన చేసిన. నేను నూనె రాసుడు తప్పే, నువ్వు పొట్లాలు పెట్టుడు తప్పే. ఎందుకో చెప్త. పిన్ను పెట్టెటప్పుడు మనిషి మనసుల ఏముంటది? తెల్లారి తీస్త అనే ఉంటది. తీసేది లేకుంటె పిన్ను పెట్టదు, కుట్టే ఏస్తది. విజయ గన్ని పిన్నులు పెట్టిందంటె గన్నిసార్లు తీస్త అనుకున్నది. తియ్యనీకి అది లేదు. మనం దాని ఆలోచనను మధ్యల ఆపి బీరువల పెట్టి తాళమేసినం. అదొచ్చి చూస్తె ఇద్దర్ని చీపురుకట్ట తోటి కొడుతది.

నా ఒక్కదాని తోటి కాదని నీకు రాసిన గద. నీ ఒక్కని తోటి కాదని నువ్వు రాసినవ్. ఒక్కలు కుట్టాలె, ఒక్కలు తియ్యాలె అని పద్ధతి ముందే చెప్పినవ్ గద నువ్వు, జులైల. మరి ఇద్దరం ఒక్కకాడ ఎందుకు కూసోలె? పార్సిల్లెందుకు తిప్పినం? గింత చదువుకున్నోనివి, నీకెందుకు తట్టలె? నాకెందుకు తట్టలె?

ఐలేశ్ రేపు జనగామల పని ఉన్నదని వస్తుండు. ఆయన తోటి గీ ఉత్తరం పంపుతున్న. బొంత ఆయనకిచ్చి పంపు. లేకుంటె నువ్వే రా. బీరువల మాత్రం ఉంచకు. ఉంచితె ఇగ నీకు రాయ, ఒట్టు.

సోమక్క


జనగామ
అక్టోబర్ 5

వదినకు,

ఐలేశ్ వచ్చాడు. నీ ఉత్తరం ఇచ్చాడు. చదివేదాకా ఎదురుగా కూర్చున్నాడు. "మామా, పెద్దత్త బొంత తీసుకరమ్మన్నది" అన్నాడు. ఇవ్వనన్నాను. పాపం, నేను పెట్టిన చాయ్ తాగాడు. చక్కెర ఎక్కువైందన్నాడు. నాకూ అలాగే అనిపించింది.

అతను బజారుకు వెళ్లాక బీరువా తెరిచాను. బొంతను ముందు గదిలో, ఇదివరకు ఉన్న చోటే పరిచాను. మడతల దగ్గర గుండుసూదులు కొన్ని వంగాయి. తుప్పు పట్టినవి చీరకు పట్టుకొని ఉన్నాయి. నీ నూనె, నా బియ్యం రెండూ పెద్దగా పనిచేయలేదు. ఇంకో ఏడాది ఉంచితే పిన్నులు ఉంటాయి, చీర ఉండదు. ఇది కెమిస్ట్రీ. నాకు ముందే తెలిసి ఉండాల్సింది.

తెల్లారి తీస్తా అనుకునే పిన్ను పెడతారని నువ్వు రాశావు. ఆ రోజు చాయ్ దగ్గర ఆమె కూడా రేపటి మాటే అంది. నేను ఆ మాట నీకు రాశాను కూడా. రాసి, దాని మీద ఆలోచించలేదు.

ఈ నాలుగు నెలల్లో నువ్వు నన్ను తిట్టినంత నా సర్వీసులో ప్రిన్సిపాళ్లెవరూ తిట్టలేదు. నువ్వు తప్పు రాయలేదు. నూనె విషయంలో మాత్రం నా అభిప్రాయం మారలేదు.

పిల్ల ముక్కు చూశాను. చెప్పలేదు. నిజమే.

ఐలేశ్ సాయంత్రం బండికి తిరిగి వస్తున్నాడు. అతని చేతికి ఈ ఉత్తరం మాత్రమే ఇస్తున్నాను. బొంత అతనికి ఇస్తే మళ్లీ పార్సిల్ అవుతుంది. వాళ్ల వాకిట్లో ఎత్తైన బల్ల ఏదైనా వేయమని అతనికి చెప్పాను, నీ మోకాలికి. బాలింత గదికి, పిల్లకు దూరంగా వేయమన్నాను. నీకు దారం తెల్లది కావాలో, ఎర్రది కావాలో తెలియదు. విజయ డబ్బాలో ఉన్న రీళ్లన్నీ సర్దుకున్నాను. ఒక స్టీలు పళ్లెం కూడా. అయస్కాంతం ఒకటి ఉంది, పాత ల్యాబ్‌ది. కుట్టడం పూర్తయ్యాక బొంత మొత్తం మీద దాన్ని తిప్పుతాను. ఒక్క పిన్ను కూడా లోపల మిగలకూడదు. ఆ తర్వాత సర్ఫులో నానబెట్టి, నీ మరకలు నువ్వే ఉతుకు.

రేపు పొద్దున మొదటి బండికి మహబూబాబాద్ వస్తున్నాను. బొంత నా ఒళ్లోనే ఉంటుంది. గుచ్చుకుంటే గుచ్చుకోనీ. ఇంటికి రాగానే దాన్ని నీ చేతికి ఇవ్వను. బల్ల మీద పెడతాను, నువ్వు తీసుకో. పచ్చపూస పిన్ను దగ్గర దూది తీసి, మిగిలిన సగం నేను లోపలికి దింపుతాను. నువ్వు అటు చివర మొదలుపెట్టు. నీ సూది వచ్చినప్పుడల్లా ఒక్కో పిన్ను తీసి పళ్లెంలో వేస్తాను.

జగపతి